కోరుట్లలో పాడని మంగళం

ఏడుపు మీద నాకున్న అనుమానం

నాటకంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ముందుగా అడిగే మాట ఒకటే: "సార్, స్టేజీ మీద ఏడుపు ఎట్ల రావాలె?" నటన అంటే ఏడుపేనని వీళ్ళకు ఎవరు చెప్పారో తెలియదు. "ఏడుపు రాకుంటే ఏమైతది?" అని ఎదురడుగుతాను. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ ముసలాయనకు మతి చెడిందని కూడా అనుకుంటారేమో. అనుకోనీ.

జగిత్యాలలో ఉండి ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వం తరఫున ఊరూరా ప్రచార నాటకాలు వేయించాను. గల్ఫ్ ఏజెంట్ల మోసాలు, తాగుడు, బీడీ దుమ్ముతో వచ్చే దగ్గు, చిన్నపిల్లల పెళ్ళిళ్ళు, ఏది చెప్పమంటే అది. అంగడి రోజున జనం ఉన్నచోట జీపు ఆపడం, రెండు కర్రలు పాతి తెర కట్టడం, ఆడటం, ఇంకో ఊరికి పోవడం. నాకు ఎప్పుడు ఏ పదోన్నతి వచ్చింది, ఎన్ని ఫైళ్ళు కదిలించాను అన్న సంగతులు ఇక్కడ రాయను. అవి చదివి బాగుపడ్డవాళ్ళు లేరు. ఈ పని నిజానికి ఏమిటో, అందులో నేను ఎక్కడ బొక్కబోర్లా పడ్డానో మాత్రం రాస్తాను.

ముందే చెబుతున్నాను, నాది అనుమానపు బుద్ధి. "కూరల ఉప్పెక్కువైతె గూడ నేను కావాల్నని ఏసిన్నంటవు" అని మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. ఈ బుద్ధి నాటకాల్లో చాలాసార్లు అక్కరకొచ్చింది. ఒకసారి రాయికల్ అంగడిలో మా కొత్త నటుడొకడు కన్నీళ్ళు ధారగా కార్చాడు. రిహార్సల్‌లో ఒక్క చుక్క రానివాడికి ఇక్కడ ఇన్ని ఎక్కడివి? ఆట కాగానే వాడి చెయ్యి పట్టుకుని వాసన చూశాను. బొటనవేలి గోరు కింద తలనొప్పి బామ్ ఉంది. పోనీ, ఆ నీళ్ళకు జనమైనా కరిగారా అంటే అదీ లేదు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో "పాపం, ఆ పిలగానికి కండ్లకలక అయినట్టున్నదే" అంది.

అప్పటినుంచి నటుడి కన్నీళ్ళను పట్టించుకోవడం మానేశాను. కారాల్సినవి చూసేవాళ్ళ కళ్ళ నుంచి. దానికి నటుడు చేయాల్సిన పని వేరే ఉంది.

సాంచ ఆగినప్పుడు

ఆ పని ఏమిటో నాకు చెప్పింది సిరిసిల్లలో ఒక నేత కార్మికుడు. పేరు కూడా అడగలేదు, నా సిగ్గుమాలినతనం. అక్కడ మరమగ్గాన్ని సాంచ అంటారు. మా నాటకంలో సాంచ నడుపుతున్న తండ్రికి, ఆసుపత్రిలో ఉన్న కొడుకు ఇక లేడన్న కబురు వస్తుంది. నటుడు గుండె మీద చెయ్యేసుకుని అరపేజీ మాటలు చెప్పాడు. నేనే రాశాను, గొప్పగా రాశానని కూడా అనుకున్నాను. జనం తలలు గోక్కుంటూ కూర్చున్నారు. ఆట అయ్యాక లుంగీ కట్టుకున్న ఒక పెద్దమనిషి నా దగ్గరకొచ్చాడు. తలనిండా దూది నుసి.

"సారూ, సాంచ నడుస్తుంటె ఎవడన్న గంతసేపు మాట్లాడ్తడా? చెవులు వినవడయి గద."

"మరి ఏం జేస్తడు?"

"ఏమున్నది, ముందుగాల సాంచ బందు వెడ్తడు. గంతే. పక్క సాంచోడు ఏందని అస్తడు. ఇగ అందరికి ఎరుకైతది."

ఆ అరపేజీ కొట్టేశాను. మా బృందంలో సత్తయ్య అని రుద్రంగి మనిషి ఉండేవాడు. ఏ చప్పుడైనా, ఎవరి గొంతైనా తెర వెనక నుంచి తెప్పించేవాడు. మరునాటి ఆటలో సత్తయ్య రేకు డబ్బా మీద టకటకమని సాంచ చప్పుడు వాయించాడు. కబురు రాగానే తండ్రి వేషగాడు చెయ్యి చాచి సాంచ ఆపాడు. చప్పుడు ఆగింది. ఒక్క మాట లేదు. రోజంతా ఆ చప్పుడులోనే బతికే మగవాళ్ళు అది ఆగేసరికి తలలు వంచేసుకున్నారు.

నాటకం దేనికి అని అడిగితే అధికారులు సందేశానికి అంటారు. సందేశానికైతే గోడ మీద రాస్తే చాలు, మేమెందుకు? తాను రోజూ చేసే పనిని ఇంకొకడు ఇంత శ్రద్ధగా చూశాడని మనిషికి తెలియాలి. అప్పుడు వాడు మన మాట వింటాడు. నా మట్టుకు నాటకం అందుకే.

ఎల్లయ్య తాత పట్టు

సాంచ దగ్గర నేర్చుకున్నది నిలబెట్టుకున్నాను. అంతకంటే ముందు నేర్చుకున్న ఇంకొకటి పారేసుకున్నాను. నాకు మొదట వేషం కట్టడం నేర్పింది బుగ్గారంలో భాగోతాలాడే ఎల్లయ్య తాత. ఆట చివర వేషం వేసినవాళ్ళందరూ వరసగా నిలబడి, దీపం పట్టుకుని మంగళం పాడేదాకా తాత ఎవరినీ రంగు కడుక్కోనిచ్చేవాడు కాదు. కథలో చచ్చినవాళ్ళు కూడా లేచి వచ్చి ఆ వరసలో నిలబడాలి. ఒకసారి వాన దంచికొట్టి జనమంతా లేచిపోయారు. ఎదురుగా ఒక్క పురుగు లేదు. అయినా పాడించాడు.

"ఎవలకోసం తాతా?" అని విసుక్కున్నాను.

"సచ్చినోడు లేసినట్టు జూపియ్యాలెరా. లేకుంటె గా సావు జనం ఎంబడి ఇంటికి పోతది" అన్నాడు.

ముసలివాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను. ఉద్యోగంలో చేరాక, ఆట అరగంటలో ముగియాలి, చివర నినాదం ఉండాలి అని పైనుంచి చెప్పారు. మంగళాన్ని ఎత్తేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. పాతకాలపు తంతు వదిలిందని సంతోషంగానే తీసేశాను.

గంగామణి చేతులు

నేను రిటైరయ్యే ముందు ఏడాది గంగామణి మా బృందంలోకి వచ్చింది. రాయికల్‌లో బీడీలు చేసుకునే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త రాజేశం గల్ఫ్‌లో ఉన్నాడని, ఇంట్లో అత్త ఉందని కాగితం మీద రాసి ఇచ్చింది. గల్ఫ్ నాటకంలో భార్య వేషం ఆమెకిచ్చాను.

ఆ వేషంలో పెద్ద ఘట్టం ఒకటే. ఆమె వాకిట్లో కూర్చుని బీడీలు చేస్తుంటుంది. ఫోను మోగుతుంది. భర్త స్నేహితుడు ఎడారి నుంచి మాట్లాడుతూ, నీళ్ళు నములుతూ, ఆయన పోయాడని చెబుతాడు. ఆ గొంతు తెర వెనక సత్తయ్యది. అంతకు ముందు ఆ వేషం వేసినవాళ్ళందరూ బీడీల చాట ఎగరేసి, రొమ్ము బాదుకుని, నేల మీద పొర్లారు. మా పాత నటి ఒకామె పొర్లీ పొర్లీ తెర కర్ర పడగొట్టింది కూడా.

గంగామణి కదల్లేదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టుకుంది. చేతులు ఆగలేదు. ఆకు తీసింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది, చాటలో పెట్టింది. ఇంకో ఆకు. అవతలి గొంతు "వదినా, పైలం వదినా" అని జాగ్రత్తలు చెబుతోంది. మూడో ఆకు తీసింది. ఈసారి తంబాకు పోయలేదు. ఉత్త ఆకునే చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది, మిగతా బీడీల పక్కన జాగ్రత్తగా సర్ది పెట్టింది. మళ్ళీ ఇంకో ఆకు అందుకుంది. అంతే ఘట్టం.

మొదటిసారి నాకు అర్థం కాలేదు. ముందు వరసలో బీడీలు చేసే ఆడవాళ్ళున్నారు. ఆ ఖాళీ బీడీని వాళ్ళు చూశారు. వాళ్ళలోంచి ఒక మూలుగు లేచింది. వెనక కూర్చున్న మగవాళ్ళు ఏమైందేమైందని అడుగుతున్నారు. అప్పుడు నాకూ తెలిసింది, అది ఉత్త ఆకని. వెంటనే, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, అనుమానం కూడా వచ్చింది.

"ఎవలు నేర్పిండ్రు నీకు గిది?" అని అడిగాను.

"ఎవలు నేర్పలే సారు. జూసిన."

"ఎవల జూసినవ్?"

"ఒగలనా? పదిమందిమి పక్కపక్కన కూసోని బీడీలు చేస్తం. నడుమల ఒగలకు ఫోనస్తది. ఫోన్ల ఏమన్నరో మాకు తెల్వది. చేతులు జూస్తె తెలుస్తది."

"ఉత్త ఆకు చుట్టుడు గూడ జూసినవా?"

నవ్వింది. "లే సారు. గది నేను కల్పిచ్చిన."

నమ్మలేదు. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. బీడీలు చేసే మనిషికి బాధ ఉంటుందని ఒప్పుకున్నాను. కల్పన ఉంటుందని ఒప్పుకోలేకపోయాను. అంత సూక్ష్మమైన సంగతి కూర్చుని ఆలోచించి కనిపెట్టడం నావల్లే కాలేదే, ఈమెకెట్లా వస్తుంది? పడి ఉంటుంది, అనుభవించి ఉంటుంది, దాస్తోంది అని తేల్చుకున్నాను.

నా పరిశోధన

ఇక రెండు నెలలు నాటకాన్ని చూడటం మానేసి ఆమెను కనిపెట్టుకుని ఉండటమే నా పని. వేషం కట్టేముందు పుస్తెలతాడు రవికెలోకి తోసేసేది. మిగతా ఆడవాళ్ళు అలా చేయరే! జీపులో అందరూ మొగుళ్ళ ముచ్చట్లు చెప్పుకుంటుంటే ఈమె కిటికీలోంచి పొలాలు చూసేది. మాటిమాటికీ ఫోను తీసేది, చూసేది, బోర్లించి ఒళ్ళో పెట్టుకునేది. ఒకసారి సత్తయ్య "బావ ఎప్పుడస్తడు చెల్లే?" అంటే "అచ్చినప్పుడు అస్తడు" అని మాట తుంచేసింది.

ఇంకొకటి. రిహార్సల్ మొదలైన వారంలోనే అడిగింది: "సారు, ఆఖరుకు మంగళం పాడమా? సచ్చినోడు లేసి నిలవడాలె గద."

"ఇది భాగోతం గాదమ్మా. నినాదం చెప్పి దిగుడే" అన్నాను.

మరో రెండుసార్లు అడిగింది. ఒట్టి నాటకానికి ఇంత భయమెందుకు? అదీ నా అనుమానాల మూటలో కలిపి కట్టాను. మూట బరువెక్కేకొద్దీ నాకు గర్వం పెరిగింది. ఈమె భర్త బతికి లేడు, సంగతి అత్తకు కూడా తెలిసే ఉంటుంది, బయటికి చెప్పుకోవడం లేదంతే. ఇది నా తీర్పు. ఒక్కసారైనా నేరుగా అడిగానా అంటే, లేదు. అడిగితే అబద్ధం చెబుతుందని నా అనుమానం.

కోరుట్లలో మైకు

కోరుట్లలో ఫంక్షన్ హాలు, పొద్దున పదకొండింటికి ఆట. హాలునిండా మహిళా సంఘాలవాళ్ళు, బీడీ కార్మికులు. పట్నం నుంచి మా ఆఫీసు పెద్దసారు వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ నటుడు ఏడవకపోతే పని చేయనట్టే లెక్క ఆయనకు. నా పక్కనే కూర్చున్నాడు. ఫోను ఘట్టం వచ్చింది. ఉత్త ఆకు చుట్టేసరికి ముందు నాలుగు వరసలు గొల్లుమన్నాయి. పెద్దసారు నా చెవి దగ్గరకు వంగి, "ఈవిడ ఏడవట్లేదు, అందరూ ఏడుస్తున్నారు. ఇది యాక్టింగేనా?" అన్నాడు.

నాకంటే ఎక్కువ తెలిసినవాడు అక్కడ లేడని చూపించుకోవాలనిపించింది. ఆట ముగిసింది. నినాదం చెప్పాల్సిన చోట నేనే వేదిక ఎక్కి మైకు తీసుకున్నాను.

"మీరు చూసింది నటన కాదు. ఇది ఈ తల్లి సొంత కథ. భర్తను గల్ఫ్‌లో పోగొట్టుకుని కూడా మీకోసం వచ్చి ఆడింది" అన్నాను.

హాలంతా లేచి చప్పట్లు. చేతులెత్తి దండాలు పెట్టినవాళ్ళున్నారు. ఫోనులు పైకెత్తి వీడియో తీసుకున్నవాళ్ళున్నారు. పెద్దసారు కళ్ళు తుడుచుకున్నాడు. నా గుండె పొంగిపోయింది. అంత సంతోషం నాకు ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ కలగలేదు.

జీపు దగ్గర గంగామణి నిలబడి ఉంది. మొహం మీద రంగు సగమే తుడిచింది.

"సారు, గట్లెందుకన్నరు?"

"ఏమన్న?"

"నా సొంత కత అన్నరు."

"కాదా?" అన్నాను.

"నా మొగడు బతికే ఉన్నడు సారు" అంది. ఆ మాట చెప్పినట్టు లేదు, నన్ను అడిగినట్టుంది.

"మరి ఫోను?"

"మూన్నెల్లాయె అది రాక. ఎనుకట గూడ రెన్నెల్లు చెయ్యలె ఒగసారి. అస్తది." పుస్తెలతాడు బయటికి తీసి సర్దుకుంది. "స్టేజి మీద సావు కబురు వినేటప్పుడు ఇది కనవడొద్దని లోపటికి తోసుకుంట సారు. ఆయనకు మంచిది గాదని."

అప్పటికింకా హాల్లో సగం జనం ఉన్నారు. వెనక్కి పోయి, మైకు తీసుకుని, నేను చెప్పింది తప్పు అని ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్దసారు భోజనానికి కూర్చున్నాడు. ఆయన ముందు చిన్నబోవడం ఇష్టంలేక నేను వెనక్కి వెళ్ళలేదు. మొదటి తప్పుకు నా బుద్ధి కారణమంటాను. ఈ రెండోదానికి ఏ కారణమూ చెప్పుకోలేను.

బుచ్చవ్వ వాకిలి

గంగామణి రాయికల్ చేరకముందే నా మాటలు ఫోనుల్లో చేరాయి. సాయంత్రం నాకు ఫోను చేసింది. "సారు, మా ఇంట్ల ఏడుపులు లేసినయ్. మా అత్త నన్ను ఇంట్లకు రానిస్తలేదు. మొగడు సచ్చింది తెల్సి గూడ దాసిపెట్టి, మూతికి రంగేసుకోని తిరిగిన్నంటున్నది." గొంతులో వణుకు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సత్తయ్యకు చెప్పాను. అతని మేనల్లుడు అదే దేశంలో ఉన్నాడు. పొద్దునదాకా ఇద్దరం ఫోనుల మీదే ఉన్నాం. రాజేశం కంపెనీవాళ్ళను ఎడారిలో ఎక్కడో దూరపు పనికి మార్చారని మేనల్లుడు కనుక్కున్నాడు. మనిషి ఉన్నాడో లేడో మాత్రం చెప్పలేకపోయాడు. అక్కడికి పోయే బండి డ్రైవరును పట్టుకుని అడుగుతానన్నాడు. పొద్దున పదింటికి నేనూ సత్తయ్యా రాయికల్ పోయాం.

వాకిలినిండా జనం. లోపల రాజేశం ఫొటో ముందు దీపం వెలుగుతోంది. బుగ్గారం నుంచి గంగామణి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. భర్త పోతే పుట్టింటివాళ్ళు పెట్టాల్సిన తెల్లచీర వాళ్ళ చేతిలో కవరులో ఉంది. గంగామణి గోడకానుకుని కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. నా వైపు చూడలేదు.

అత్త బుచ్చవ్వ గడప మీద ఉంది. బక్క మనిషి, చూపు మాత్రం సూది.

"రా సారు. నువ్వే గద మంది ముంగట చెప్పినవ్, నా కొడుకు సచ్చిండని."

"నేను అబద్ధం చెప్పిన అవ్వా. నాకేం తెల్వది. తెల్సినట్టు చెప్పిన."

"అప్పుడాడినవా అబద్ధం, గిప్పుడాడుతున్నవా?"

ఎదుటివాళ్ళను అలా నిలదీయడం జీవితమంతా నా పని. ఆ రోజు ఆ చూపు నా మీద పడితే తెలిసింది. అన్నదమ్ముల్లో పెద్దవాడు నా మొహంలో మొహం పెట్టి, "మా గంగామణిని కాపాడ్దామని అచ్చినవా సారు?" అన్నాడు. ఏం చెప్పినా నేను వాళ్ళకు నాటకాలవాణ్ణే.

పన్నెండవుతుండగా సత్తయ్య ఫోను మోగింది. లోపల సరిగా వినబడక, మాట్లాడుతూ ప్రహరీ అవతలికి పోయాడు. మేనల్లుడే. రాజేశం దొరికాడు, ఇంటికే నేరుగా ఫోను చేయిస్తానన్నాడు. అది మాకు తెలిసేలోపలే గంగామణి ఫోను మోగింది. కొత్త నంబరు. ఆమె ఎత్తి, అందరూ వినేట్టు స్పీకరు నొక్కి చాటలో పెట్టింది.

"గంగూ, నేనే... నా ఫోను ఖరాబైంది... గీడ ఎవలకాడ లేకుండె..."

బొంగురు గొంతు, దగ్గు. గంగామణి చాట మీదికి వంగింది. బుచ్చవ్వ ఫోను వైపు చూడలేదు. చుట్టూ చూసింది.

"ఏడి? నీతోని అచ్చినోడు ఏడి?"

సత్తయ్య ఇంకా ప్రహరీ అవతలే ఉన్నాడు, చెవి దగ్గర ఫోనుతో.

"తెర ఎన్క ఉండి ఫోన్ల మాట్లాడినట్టె మాట్లాడ్తడని కోడలే నవ్వుకుంట చెప్పింది నాకు. నా కొడుకు గొంతు గిట్లుండది. ఓ నాటకపు సారూ, నా ఇంటికే తెచ్చినవా నీ ఆట?"

సత్తయ్య పరుగెత్తుకొచ్చి "నేను గాదవ్వా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాడు. చాటలోంచి ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది, "అవ్వా, అవ్వా" అని. "ఇంకోడుంటడు. మీకు మందికేం తక్కువ" అంది బుచ్చవ్వ. కొడుకు పిలుస్తుంటే తల్లి నమ్మడం లేదు. ఆ పాపం నాది.

బుచ్చవ్వ లేచింది. లోపలికి పోయి కొడుకు ఫొటో ముందున్న దీపం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"నాటకమైతె మంగళం పాడుండ్రి. కోరుట్లల పాడలేదట గద. ఏషం ఏసినోళ్ళందరు నిలవడుండ్రి. మంగళం పాడినంక ఏషాల మాట ఉండది. అటెన్క గూడ గా ఫోన్లున్నోడు మాట్లాడ్తె, అప్పుడు నా కొడుకంట."

వాకిట్లో ఎండ నెత్తి మీద ఉంది. నేనూ సత్తయ్యా వరసగా నిలబడ్డాం. గంగామణి చాట కింద పెట్టి, ఫోను అందులోనే ఉంచి, వచ్చి నా పక్కన నిలబడింది. ఎల్లయ్య తాత నేర్పిన మంగళం ఎత్తుకున్నాను. రెండో చరణం గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళుగా పాడనిది ఎక్కడినుంచి వస్తుంది? గంగామణి అందుకుంది. చిన్నప్పుడు బుగ్గారంలో విన్నదేమో, తడబడకుండా చివరిదాకా పాడింది. నేను దీపం పట్టుకుని నిలబడ్డాను. పాట అయిపోయింది. అందరం చాట వైపు చూశాం.

ఏమీ వినబడలేదు. తెగిపోయిందేమో. ఆ క్షణంలో ఎల్లయ్య తాతకు మొక్కుకున్నాను.

"అవ్వా, ఇంట్ల భాగోతమేమన్న ఆడిపిస్తున్నవా? ఎండల ఫోను వట్టుకోని నిలవడ్డనే నేను!"

బుచ్చవ్వ చాట దగ్గర కూలబడింది. మూతి ఫోనుకు ఆనించి, "బుక్కెడంత తిన్నవా కొడుకా?" అంది. ఆ తర్వాత పెట్టిన శోకం వీధి చివరిదాకా వినబడింది. అన్నదమ్ములు తెల్లచీర కవరు ఎక్కడ దాచాలో తెలియక ఒకరి చేతుల్లో ఒకరు కుక్కుకున్నారు. నేనూ ఏడ్చాను. సత్తయ్యా ఏడ్చాడు.

గంగామణి ఏడవలేదు. అత్త మాట్లాడుతుండగా చాట ఇంకోవైపుకు జరుపుకుని ఆకు తీసింది. బుద్ధి చెడ్డదని చెప్పానుగా, నేను అప్పుడూ ఆమె చేతులే చూస్తున్నాను. చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది. తంబాకు పోయలేదు. ఉత్త ఆకు. నేను చూస్తున్నానని చూసి, దాన్ని తీసి చాట కిందికి తోసేసింది.

మళ్ళీ సిరిసిల్లలో

ఆ వారమే అన్నీ రాసి పెద్దసారుకు పంపించాను. రెండో ఆదివారం కోరుట్లకు పోయి, మహిళా సంఘాలవాళ్ళను కూర్చోబెట్టి, నేను చెప్పింది అబద్ధమని మైకులో చెప్పాను. ఈసారి చప్పట్లు కొట్టలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. నిజం చెప్పినా నమ్మనివాళ్ళు ఇంకా ఉన్నారు, అది ఎప్పటికీ పోదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. నటుడు బాగా చేస్తే, బాగా చేశాడని నమ్మండి. దాని వెనక ఏ గాయముందో తవ్వకండి. ఉంటే అది వాళ్ళది. లేకుంటే అది వాళ్ళ విద్య. చచ్చినవాణ్ణి లేపకుండా జనాన్ని మాత్రం ఇంటికి పంపకండి.

గంగామణి మళ్ళీ వస్తుందనుకోలేదు. నెల తర్వాత సిరిసిల్ల ఆటకు వచ్చింది, వెంట బుచ్చవ్వ కూడా. ముందు వరసలో కూర్చుని ఆట అంతా సత్తయ్య ఉన్న తెర వైపే చూసింది ఆవిడ. చివర నినాదం తీసేసి అందరం నిలబడి మంగళం పాడాం. బుచ్చవ్వ వేదిక ఎక్కి, కోడలి పుస్తెలతాడు రవికెలోంచి తానే బయటికి తీసి సర్ది, దిగిపోయింది.

జీపు ఎక్కేముందు ఆగలేక గంగామణిని అడిగాను.

"ఆనాడు వాకిట్ల ఉత్త ఆకు చుట్టినవ్ గద బిడ్డా. గది నిజంగ చుట్టినవా, లేకుంటె..."

ఆమె చీర కొంగుతో మొహం మీది రంగు పూర్తిగా తుడుచుకుంది.

"మీకు చెప్ప సారు" అంది. "చెప్తె మైకుల చెప్తరు."

జీపు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. జగిత్యాల వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.